మస్తాన్ భాయ్ గొంతులో నా తుఫాను

తుఫానులో తడిసినవాళ్లను మీరు చూసి ఉంటారు. వరదలో ఇరుక్కున్న కారు మీదకెక్కి చేతులూపే వాళ్లను వీడియోల్లో చూసి ఉంటారు. కానీ ఎర్రటి ఎండలో, ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు కూడా లేని మధ్యాహ్నం, తుఫానుకు జడిసి నీళ్ల ట్యాంకు ఎక్కి, ముగ్గురు కుర్రాళ్లతో, ఆరు మేకలతో, ఒక గ్యాస్ బండతో, అర బస్తా బియ్యంతో కూర్చున్న మనిషిని మాత్రం చూసి ఉండరు. ఒమన్ మొత్తంలో అలాంటివాడు ఒక్కడే. వాడిని నేనే. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, మా ఇంట్లోవాళ్లు ఇప్పటికే నవ్వి అలసిపోయారు.

నా పేరు గంగారాం. మాది నిర్మల్ పక్కన ఒక ఊరు. మస్కట్ దగ్గర మబేలాలో ఒక బిల్డింగుల కంపెనీలో స్లాబులకు చెక్క అచ్చులు బిగించే షటరింగ్ కార్పెంటర్ని. క్యాంపులో మా తెలుగోళ్లం నలభై మందిమి.

ఇక్కడ వాన అంటే మన దగ్గరి వాన కాదు. ఏడాదంతా రాళ్లు తేలి ఎండిపోయి ఉండే వాగును ఇక్కడ వాదీ అంటారు. ఎక్కడో కొండల్లో వాన పడుతుంది, ఇక్కడ మనం ఎండలో చెమట తుడుచుకుంటూ ఉండగానే వాదీ పొంగి వచ్చేస్తుంది. అందుకని సర్కారువాళ్లు ముందే హెచ్చరిక పంపుతారు. క్యాంపులో ఫోన్లన్నీ ఒకేసారి కేకపెడతాయి. తెర మీద అరబీలో నాలుగు వరసలు, ఇంగ్లీషులో నాలుగు వరసలు. మాలో ఇంగ్లీషు చదివేవాళ్లం ముగ్గురం ఉన్నాం. మేం కూడబలుక్కుని చదవడం పూర్తయ్యేలోపు వాన వచ్చి వెలిసి కూడా పోతుంది. అరబీ వచ్చినవాడు మాత్రం ఒక్కడే, మస్తాన్ భాయ్.

కడప మనిషి. కంపెనీ బస్సు డ్రైవరు. పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. హెచ్చరిక రాగానే రెండుసార్లు చదువుతాడు. అనుమానం ఉంటే సేఫ్టీ ఆఫీసరును అడుగుతాడు. అప్పుడు గ్రూపులో వాయిస్ పెడతాడు. ఎప్పుడు పెట్టినా ఒకటే వరస.

"అన్నలకు నమస్తే. ఈ పొద్దు మంగళవారం, టయిము సాయంత్రం నాలుగు. మబేలా క్యాంపు నుంచి నేను మస్తాన్‌ను మాట్లాడతాండా. రేపు పొద్దున్నకు వాన వస్తాదని సర్కారోళ్లు చెప్పినారు. వాదీ పక్కకు ఎవరూ పోవాకండి. భయపడాల్సింది ఏం లేదు. ఈ మాట ఈ పొద్దుటికే, రేపటికి చెల్లదు. రేపటి మాట రేపు చెప్తా."

అంతే. ఆ నాలుగు ముక్కలకు నలభై మందీ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతారు.

నేను తప్ప.

"ఏందిర ఈయన, పాల ప్యాకెట్ లెక్క ప్రతి మాటకు తారీఖు ఏస్తడు," అని వెక్కిరించేవాణ్ని. ఎవరూ నవ్వేవారు కాదు. అసూయ అని మర్యాదగా చెప్పుకోవచ్చు గానీ మీ దగ్గర దాపరికం ఎందుకు, నాది అచ్చమైన కుళ్లు. ఆయనను చూస్తే నా కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. అన్నం దగ్గర కూర ఆయనకు ముందు వడ్డిస్తే కుళ్లు. ఆయనకు దగ్గొస్తే పదిమంది మాత్రలు తీసుకొస్తే కుళ్లు. నాకు దగ్గొస్తే బయటికి పోయి దగ్గమన్నారు.

అయినా ఇదంతా ఓర్చుకునేవాణ్నే. మా ఆవిడ సుజాత సంగతే ఓర్చుకోలేకపోయాను. ఇంటి దగ్గర ఆడవాళ్లు బెంగపడుతున్నారని మస్తాన్ భాయ్ వాళ్లకు కూడా ఒక గ్రూపు పెట్టాడు. ఇక్కడ పెట్టిన వాయిస్ అక్కడా పెడతాడు. ఒకరోజు నేను ఉత్సాహంగా ఫోన్ చేశాను.

"ఇక్కడ మబ్బు పట్టింది," అన్నాను.

"తెల్సు. మస్తాన్ అన్న చెప్పిండు."

"గాలి గూడ మస్తుగున్నది."

"పొద్దుగూకేసరికి తగ్గుతదట. మస్తాన్ అన్న చెప్పిండు."

"నేను కిటికీ కాడనే నిలబడ్డనే. నా కండ్లతోని చూస్తున్న."

"నువ్వు చూస్తే ఏమొస్తది? ఆయన గొంతు ఇంటే పానం నిమ్మలమైతది. నువ్వు చెప్తే బుగులైతది."

తాళి కట్టినవాడి మాటకు బుగులు, బస్సు నడిపేవాడి మాటకు నిమ్మలం. ఆ రోజు చపాతీలు గొంతు దిగలేదు. మూడే తిన్నాను.

సరిగ్గా అప్పుడే సేఫ్టీ ఆఫీసరు క్యాంపుకు వచ్చి, ఆపద సమయంలో ఒక్కో భాషవాళ్లకు ఒక్కో మనిషిని పెడతామని చెప్పాడు. ఆ మనిషికి మెరిసే పచ్చ జాకెట్, చేతి మైకు ఇస్తారు. "తెలుగువాళ్లలో ఎవరు?" అని హిందీలో అడిగాడు. ముప్పై ఎనిమిది చేతులు మస్తాన్ భాయ్ వైపు చూపించాయి. నేను నా చెయ్యి నేనే ఎత్తుకున్నాను. ఆఫీసరు నన్ను జాలిగా చూసి, "సరే, వచ్చే హెచ్చరికకు ఇద్దరూ ఎలా చేస్తారో చూసి ఇస్తాను," అన్నాడు.

ఇక నాకు తిండి లేదు, నిద్ర లేదు, జాకెట్ ఒక్కటే. దాన్ని వేసుకుని వీడియో కాల్‌లో సుజాత ముందు నిలబడాలి. "గంగారాం ఏమన్నడు?" అని క్యాంపు మొత్తం అడగాలి. ముందుగా సుజాత అడగాలి.

అలా పడుకుని పైకి చూస్తుంటే బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. మెరుపు తర్వాత పిడుగు కూడా ఉంటుందని అప్పుడు గుర్తురాలేదు.

మస్తాన్ భాయ్ చదివి, అడిగి, ఆలోచించి మాట్లాడేసరికి పావుగంట పడుతుంది. నేను వాయిస్ ముందే రికార్డు చేసి పెట్టుకుంటే? ఫోన్ కేకపెట్టగానే నొక్కడమే. రేపటి పెళ్లికి ఈ రోజే పులిహోర కలిపి పెట్టుకున్నట్టు. అయితే నా గొంతుకు ఎవరూ కదలరు. కాబట్టి గొంతు మస్తాన్ భాయ్‌ది పెట్టాలి. జనం కదిలాక, అది అందరికంటే ముందు నా నంబరు నుంచే వచ్చిందని ఆఫీసరుకు చూపించాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు కదా, ఇక్కడ గొంతు మస్తాన్‌ది, జాకెట్ గంగారాంది. ఇందులో ఉన్న లొసుగు మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది. నాకు కనిపించలేదు, కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాడికి అంత దూరం ఏం కనిపిస్తుంది.

ఒక శుక్రవారం సెలవు రోజు, ఫోన్ పట్టుకుని క్యాంపు బాత్రూంలో దూరి గడియ పెట్టాను. వాన చప్పుడు కోసం బకెట్ కింద పెట్టి నల్లా పూర్తిగా తిప్పాను. మస్తాన్ భాయ్‌ని ఏడాదిగా వెక్కిరిస్తున్నాను కాబట్టి ఆయన యాస నాకు కరతలామలకం. గొంతు కొంచెం బొంగురు చేసి అందుకున్నాను.

"అన్నలారా, మీ అన్నను మాట్లాడతాండా. పెద్ద తుఫాను వచ్చేసినాది. వాదీ పొంగినాది. మీరుండే చోటికే వస్తాండాది. సామాన్లు ఇడ్సిపెట్టి ప్రాణాలు దక్కించుకోండి. ఎత్తు యాడ కనపడితే ఆడికెక్కండి. ఈ నిమిషమే ఎక్కండి."

తారీఖు లేదు, టయిము లేదు, ఊరు లేదు. ఆ చాదస్తమంతా కావాలనే తీసేశాను. 'మీరుండే చోటికే' అన్నాను చూశారా, అది నా సొంత తెలివి. ఎవడు విన్నా వాడి దగ్గరికే వస్తుంది తుఫాను. తర్వాత ఒక నిమిషం పాటు అయ్యో, అల్లా, రాముడా అని మూలిగాను. ఈ లోపల మెస్సులో వంట చేసే మా పోశన్న వచ్చి తలుపు బాదాడు గానీ, కళాకారుడికి అవన్నీ వినపడవు.

రికార్డయ్యాక విని చూసుకున్నావా అని అడగకండి. మొదటి అర నిమిషం విన్నాను. నాకే భయమేసి ఆపేశాను.

ఎందుకైనా మంచిదని అల్ అమెరాత్‌లో ఉండే మా ఊరి దోస్తు భూమన్న ఒక్కడికే పంపాను. "ఎట్లున్నది చెప్పు. ఎవ్వలికీ పంపకు," అన్నాను.

"ఇది మస్తాన్ భాయ్ గొంతు గదా," అన్నాడు భూమన్న. ఆయన వాయిస్‌లు చుట్టుపక్కల తెలుగోళ్ల ఫోన్లన్నిటికీ తిరుగుతుంటాయి లెండి.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎవరికీ పంపొద్దని చెబితే మనవాళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు. ఎవరికీ పంపొద్దని చెప్పి మరీ పంపుతారు.

అయిదు రోజుల తర్వాత నిజంగానే హెచ్చరిక వచ్చింది. ఫోన్ కేకపెట్టింది. అయితే అప్పుడు నేను నాలుగో అంతస్తులో రెండు చేతులతో ప్లైవుడ్ షీటు మోస్తున్నాను, ఫోన్ కింద సంచిలో ఉంది. నేను దిగేసరికి మస్తాన్ భాయ్ వాయిస్ వచ్చేసింది. "ఈ పొద్దు బుధవారం, టయిము పదకొండు. తుఫాను సముద్రం మీదనే పక్కకు మళ్లిపోయినాది. మనకు రాదు. డ్యూటీ మామూలే." అలాగే మళ్లిపోయింది. సాయంత్రానికి జాకెట్ ఆయన ఒంటి మీద ఉంది. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లకు చప్పుడు రాకుండా కొట్టడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. రూముకొచ్చి కసికొద్దీ ఆ రికార్డు ఫోన్లోంచి చెరిపేశాను. పీడా పోయిందనుకున్నాను.

పది నెలలు ఆ జాకెట్‌ను చూస్తూ బతికాను. ఆయన బస్సెక్కితే నా కడుపులో మంట, దిగితే మంట. ఉతికి తాడు మీద ఆరేస్తే, అటువైపు వెళ్లేటప్పుడు మొహం తిప్పుకునేవాణ్ని.

పది నెలల తర్వాత మస్తాన్ భాయ్ బిడ్డ పెళ్లి కుదిరింది. ఇంటికి పోయేముందు ఆఫీసరు దగ్గరికి వెళ్లి, నా ముందే చెప్పాడు. "సార్, ఈ జాకెట్ గంగారామన్నకు ఇయ్యండి. మొదటినుంచీ ఆయనకు ఆశ ఉండాది. మాట కూడా గట్టిగా ఉంటాది."

ఆయన మీద ఇన్నాళ్లూ నేను నూరిన కారం అంతా నా కళ్లల్లోనే పడినట్టయింది. ఆఫీసరు సరేనన్నాడు. "బర్కాలో పని ముగించుకుని శనివారం రా, జాకెట్ తీసుకో."

"ఇగ శనివారం నుంచి నా గొంతే ఇంటవ్," అన్నాను సుజాతతో.

"శనివారం రానీ," అంది సుజాత.

బర్కాలో పని ఏమిటంటే, ఒక ఖర్జూరం తోటలో మోటారు గదికి స్లాబు వెయ్యాలి. తోటను ఇక్కడ మజ్రా అంటారు, యజమానిని అర్బాబ్ అంటారు. ఆ మజ్రాలోనే మా సుజాత తమ్ముడు నర్సింలు పని చేస్తాడు. వాడితో పాటు ఇంకో ఇద్దరు తెలుగు కుర్రాళ్లున్నారు, అర్బాబుకు ప్రాణంతో సమానమైన ఆరు మేకలున్నాయి. దేశంలో ఏదో మూల వానలని రెండు రోజులుగా వార్తలు వస్తున్నాయి గానీ, బర్కాలో ఎండ పెళపెళలాడుతోంది.

గురువారం మధ్యాహ్నం అన్నాలు కలుపుకుంటున్నాం. నర్సింలు ఫోన్‌కు వాయిస్ వచ్చింది. తోటలవాళ్ల గ్రూపులో ఎవరో పెట్టారు. ఎన్ని ఫోన్లు తిరిగిందో, ఒక ఫోన్లో మోగిస్తూ ఇంకో ఫోన్లో ఎన్నిసార్లు పట్టారో, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. అయినా ఆ యాస, ఆ బొంగురు, ఎక్కడున్నా గుర్తుపడతాను. వెనకాల వాన హోరుమంటోంది.

"...పెద్ద తుఫాను వచ్చేసినాది. వాదీ పొంగినాది. మీరుండే చోటికే వస్తాండాది..."

నా చేతిలో ముద్ద కంచంలో పడింది. "నర్సింలూ, లే. ఇది మస్తాన్ భాయ్ గొంతు."

"బావా, మబ్బే లేదు గదా."

"తుఫాన్ నిన్ను అడిగొస్తదారా? కొండల్ల వాన పడితే ఇక్కడ ఎండలనే వాదీ వస్తది. ఆ మనిషి పద్నాలుగేండ్లల్ల ఒక్క అబద్ధం చెప్పలే. లే."

"తారీఖు చెప్పలేదేంది మరి? ఆయన ఎప్పుడు చెప్తడు గదా?"

"పానం మీదికొచ్చినప్పుడు తారీఖు ఎవడు చెప్తడురా, సన్నాసీ."

మీరు నన్ను తిట్టుకుంటున్నారని నాకు తెలుసు. పది నెలలండీ. చెరిపేసింది పది నెలల కింద. పైగా మన గొంతు ఫోన్లో వింటే మనకే కొత్తగా ఉంటుంది, అది కూడా అరువు గొంతయితే ఇక చెప్పేదేముంది.

తోటలో అన్నిటికంటే ఎత్తైనది సిమెంటు నీళ్ల ట్యాంకు, రెండు నిలువుల ఎత్తు, పైన చదునుగా మూత ఉంది. వాయిస్‌లో సామాన్లు వదిలెయ్యమన్నాడు. నేనేమో కాబోయే జాకెట్ మనిషిని, ముందుచూపు ఉండాలి కదా. బియ్యం ఎక్కించాను. గ్యాస్ బండ ఎక్కించాను. "మేకలు పోతే అర్బాబు మనల్ని పోనిస్తడా?" అని మేకలను కూడా ఎక్కించాను. మేకను నిచ్చెన ఎక్కించడం ఎలాగో ఎప్పుడైనా అవసరమైతే నన్ను అడగండి. ఒకడు కొమ్ములు పట్టుకోవాలి, ఒకడు వెనక నుంచి తొయ్యాలి, మూడోవాడు క్షమాపణలు చెబుతూ ఉండాలి.

పైకెక్కి ఊపిరి పీల్చుకున్నాక, ఫోన్ తీసి ఆ వాయిస్‌ను క్యాంపు గ్రూపుకు పంపి, కింద నా గొంతుతో ఇంకోటి పెట్టాను. "అందరు వినుండ్రి. మస్తాన్ భాయ్ చెప్పిండు, నేను గంగారాంను చెప్తున్న. తిండి ఇడ్సిపెట్టి మేడ మీదికి ఉరుకుండ్రి." మొదటిసారి మస్తాన్ భాయ్‌కంటే ముందు నేను చెప్పాను. అంత భయంలోనూ అదొక చల్లదనం. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. ఆ రోజు నేను కూశాను, మబేలాలో ముప్పై ఎనిమిది మంది మేత వదిలేసి డాబా ఎక్కారు.

సుజాత ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "మస్తాన్ అన్న వాయిస్ వచ్చింది. నువ్వేడున్నవ్?"

"ట్యాంకు మీద. నీ తమ్ముడు గూడ నా తానే ఉన్నడు. నేను చూసుకుంట."

"నువ్వు చూసుకునేది ఏమొద్దు. ఆయన ఏం చెప్తే గది చెయ్యి."

వరద ముంచుకొస్తున్నా సరే, ఆ మాటకు నాకు మళ్లీ మండింది. 'వచ్చేది శనివారమే' అని పళ్లు కొరికాను. అప్పటికి సుజాత ఫోన్ పెట్టేసింది, మేకలు బియ్యం బస్తాకు చిల్లి పెట్టాయి.

పది నిమిషాలైంది. చుక్క నీరు రాలేదు. సిమెంటు కాలి, కూర్చున్నచోట చపాతీ పెట్టినా కాలేలా ఉంది. అంతలో మస్తాన్ భాయ్ ఫోన్ వచ్చింది.

"గంగారామన్నా, యాడుండావు?"

"ట్యాంకు మీదున్న భాయ్."

"ఎందుకన్నా?"

"నువ్వే గద ఎక్కుమన్నవ్."

"నేను రువీలో బట్టల అంగట్లో ఉండా. బిడ్డకు చీరలు చూస్తాండా. నేను ఎవరినీ ఏమీ ఎక్కమని చెప్పలేదే."

"మరి వాయిస్? నీ గొంతే గద."

"గొంతు నాదిమాదిరే ఉండాది, నిజమే. నేను కూడా ఒక గడియ నమ్మినా. అన్నా, నువ్వు ఆ వాయిస్ ఆఖరుదాకా విన్యావా?"

"ఎక్కుమన్నంక ఇంకేం ఇంట భాయ్, ఎక్కిన."

"ఇప్పుడు విను. స్పీకర్ పెట్టి విను. నేను ఫోన్ పెట్టేస్తాండా." ఆయన గొంతులో కోపం లేదు. నవ్వు ఆపుకుంటున్న మనిషి గొంతు అది.

నర్సింలు ఫోన్ మధ్యలో పెట్టి వాయిస్ మోగించాడు. నలుగురం, ఆరు మేకలు విన్నాం. ఎక్కండి అయింది. అయ్యో, అల్లా, రాముడా అయింది. వాన హోరు అయింది. ఆ తర్వాత దబదబా తలుపు బాదిన చప్పుడు, దాని వెనక ఒక గొంతు వినపడింది.

"గంగారాం, గంటసేపాయె, లోపల ఏం చేస్తున్నవ్? నల్లా బంద్ చెయ్యి, ట్యాంకు ఖాళీ అయితున్నది. పప్పుల పొయ్య నీళ్లు లెవ్వు."

దానికి జవాబుగా, ఏ యాసా పెట్టుకోని అచ్చమైన నిర్మల్ గొంతు.

"జర ఆగు పోశన్నా, తుఫాన్ నడుస్తున్నది."

నర్సింలు ఆకాశంకేసి చూశాడు, మేకలకేసి చూశాడు, చివరికి నాకేసి చూశాడు. "బావా," అన్నాడు మెల్లగా, "అక్కకు చెప్పాలె."

తాను తవ్విన గోతిలో తానే పడ్డాడంటారు. నేను పడను కూడా లేదు. నేను తవ్విన గోతికి నేనే దడుచుకుని ట్యాంకెక్కాను.

అది చాలదన్నట్టు అప్పుడే అర్బాబు బండి తోటలోకి వచ్చింది. తెల్లటి దుస్తుల్లో దిగి, పైకి చూశాడు. ట్యాంకు అంచున ఆయన ముద్దుల మేక ఒకటి బియ్యం నములుతూ ఆయన్నే చూస్తోంది. "ఊపర్ క్యా కర్తా?" అన్నాడు, పైన ఏం చేస్తున్నారని. ఏం చెప్పాలో తోచక "వాదీ, అర్బాబ్," అన్నాను. ఆయన చుట్టూ చూశాడు. ఎండిన నేల, ఎండిన గట్టు, ఎండిన నేను. తల ఊపి, "ముందు మేకల్ని దింపండి," అన్నాడు హిందీలో. "మీరు ఎప్పుడు దిగినా సరే."

మేకలను దింపడం ఎక్కించడంకంటే కష్టం. దాని గురించి అడగకండి.

శనివారం క్యాంపుకు వెళ్లాను. ఆఫీసరు టేబుల్ మీద జాకెట్ మడతపెట్టి ఉంది, పక్కనే చేతి మైకు. క్యాంపు తెలుగోళ్లందరూ నిలబడి ఉన్నారు. మస్తాన్ భాయ్ వాళ్లలో ఒకడు, ఆ రోజే ఆయన ప్రయాణం. ఆఫీసరు ఆ వాయిస్ మొత్తం మోగించాడు. ప్రతి వాక్యం తర్వాత మస్తాన్ భాయ్‌ని అర్థం అడిగాడు. ఆయన పాపం, నా మొహం చూడకుండా హిందీలో చెప్పాడు. నా వెక్కిరింపు యాస విని ఏమైనా అంటాడేమోనని నేను చచ్చిపోతున్నాను. చివరికి ఒక్కటే అన్నాడు. "బాగా పట్టుకున్యావన్నా నా గొంతు. తారీఖు కూడా పట్టుకోని ఉంటే పోయేది."

సిగ్గుతో నేల చూశాను. ఆ క్షణం తెలిసింది. లోకంలో ఆయన గొంతును అందరికంటే ఎక్కువ నమ్మినవాణ్ని నేనే. నర్సింలుకు అనుమానం వచ్చింది, నాకు రాలేదు. ఆయన గొంతు వినపడగానే మేకలతో సహా ఎక్కేశాను. ఆయన మీద ఇన్నాళ్లూ కుళ్లుకున్నది ఇందుకా అని నాకే నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్లు తడి కూడా అయ్యాయి, అది వేరే సంగతి.

"ఈ వాయిస్‌లో," అన్నాడు ఆఫీసరు, "ఒక్క మాట నిజం ఉంది. ఒక్క హెచ్చరిక పనికొచ్చేది. ఎక్కడ ప్రమాదం, ఏం ప్రమాదం, ఏం చెయ్యాలి, అన్నీ ఉన్నాయి. బాత్రూం, ట్యాంకు ఖాళీ అవుతోంది, నల్లా కట్టెయ్. ఆ మాట అన్నది ఎవరు?"

ముప్పై తొమ్మిది చేతులు పోశన్న వైపు చూపించాయి. అందులో ఒకటి నాదే. ఎత్తక చస్తానా.

పోశన్న గరిటె చేత్తోనే వచ్చి జాకెట్ వేసుకున్నాడు. పొట్ట దగ్గర బొత్తాం పట్టలేదు గానీ, మెరవడం బాగానే మెరిసింది.

రూముకొచ్చి సుజాతకు ఫోన్ చేశాను. తమ్ముడు అప్పటికే అంతా చెప్పేశాడు. తిడుతుందని చెవికి దూరంగా పెట్టుకున్నాను. తిట్టలేదు. ముందు నవ్వింది, అక్కడ ఇంటిల్లిపాదీ నవ్వుతున్న చప్పుడు వినపడింది. తర్వాత అడిగింది.

"నీ గొంతుకు నువ్వే బుగులు పడ్డవా?"

"ఊఁ."

"నేను చెప్తనే ఉన్న గద, నువ్వు చెప్తే బుగులైతదని." నవ్వు ఆపుకుని మళ్లీ అడిగింది. "గని, ఆఖరుకు నల్లా బంద్ చెయ్యమన్న అన్న ఎవలు?"

"పోశన్న. వంటాయన. ఎందుకు?"

"ఏం లేదు. ఆయన గొంతు మంచిగున్నది. ఇంటే పానం నిమ్మలమైంది."

కాబట్టి చదివేవారందరికీ నా విన్నపం. ఈ రోజు ఆదివారం, టయిము సాయంత్రం అయిదు, మబేలా క్యాంపు నుంచి గంగారాంను మాట్లాడుతున్నాను. ఎండిన వాదీ మీద, పొంగే వాదీ మీద, అర్బాబు గారి ఆరు మేకల మీద ఒట్టు. బతికున్నంత కాలం ఇంకొకరి గొంతు నా నోట్లోకి రానివ్వను, బకెట్‌లో వాన కురిపించను, తారీఖు లేని మాట ఎవరికీ పంపను. ఈ మాట ఈ పొద్దుటికే కాదు, రేపటికీ చెల్లుతుంది. అయితే ఒక్క సంగతి. పోశన్న యాస పెద్ద కష్టమేమీ కాదు, మాదీ ఆయనదీ పక్కపక్క ఊళ్లే. లేదు, లేదు. ఒట్టంటే ఒట్టే. నల్లా కట్టేశాను.